మూడో వంతుకి గిద్ద లేదు

మా అంగన్‌వాడీ ఆయా తలుపులమ్మకి కోపమొస్తే బియ్యం కొలిచే సోల నేలకేసి కొడుతుంది. దానికున్న సొట్టలన్నీ లెక్కల పరీక్ష పుణ్యమే. ఓపెన్ స్కూల్లో పదో తరగతి కట్టి, మిగతావన్నీ గట్టెక్కి, ఒక్క లెక్కల్లోనే మళ్ళీ మళ్ళీ తప్పుతోంది. ఈ ఏడు అక్కడి టీచరుగా నేను రిటైరవుతున్నాను. పాసైతే నా కుర్చీ ఆమెదే. ఈసారీ పోయిందా, వయసు దాటిపోతుంది, ఇంక జన్మంతా ఆయాగానే ఉండాలి. ఆ వచ్చే జీతం మొగుడి మందులకే చాలదు.

మొగుడు చినబాబు యానాం దిగువన మా రేవులో పేరున్న వేటగాడు. పడవలో జారిపడి నడుం పోయింది. మా రేవులో ఒక పద్ధతుంది. వేట నుంచి రాగానే చేపల్ని పడవకీ, వలకీ, మనుషులకీ కుప్పలు పోసి పంచుకుంటారు. జబ్బుపడి రాలేనివాడికి సగం వాటా పక్కన పెడతారు. చినబాబుకీ చాన్నాళ్ళు పెట్టారు. ఇక లేచే మనిషి కాదని తేలాక మానేశారు. వాళ్ళనీ ఏమనగలం, ఎవరి పొట్టలు వాళ్ళకున్నాయి. ఆ రోజు గోడవైపు తిరిగి పడుకున్నవాడు మళ్ళీ ఇటు తిరగలేదు.

నేనేమీ ఓపికున్న మనిషిని కాను. నోరు మంచిదైతే ఊరు మంచిదంటారు, నా నోటికి ఊరే దడుస్తుంది. అయినా ఈ మనిషికి భిన్నాలు నేర్పాలని కంకణం కట్టుకున్నాను. మిశ్రమ భిన్నం కనబడితే చాలు, పైదానికి పైది, కిందదానికి కిందది కలిపేసేది. చూసి చూసి, ఒకరోజు దాని సోలే దాని ముందు పెట్టాను. గిద్ద అంటే సోలలో పావు, అరసోల అంటే సగం. రెండున్నర సోలల్లోంచి ముప్పావు సోల తియ్యమన్నాను. గిద్దలు లెక్కపెట్టి, "ఒకటీ ముప్పావండీ! ఓస్, ఇదేనా టీచరుగారూ!" అంది. ఆ రోజు ఇద్దరం పిల్లల్లా నవ్వుకున్నాం.

ఆ నవ్వే కొంప ముంచింది. పరీక్ష రేపనగా, మధ్యాహ్నం వాళ్ళింట్లో కూర్చుని 2⅓ + 1½ ఇచ్చాను. మూడో వంతు అనగానే మూడు గిద్దలు పోసింది.

"మూడు గిద్దలు ముప్పావే మొద్దూ! మూడో వంతు సగం కన్నా తక్కువ!" అని అరిచాను.

"మరి మూడో వంతుకి ఏ గిద్దండీ?"

మన కొలతలన్నీ సగంలో సగాలు. మూడో వంతుకి ఇంట్లో ఏ పాత్రా లేదు. క.సా.గు. అన్నాను, హారాలన్నాను, గోడకి చెప్పినట్టే ఉంది. తలుపులమ్మ సోల తీసి విసిరికొట్టింది. బియ్యం ఇల్లంతా చెల్లాచెదురైంది.

"నా వల్ల కాదండి! చేపలు తోముకునే చేతులివి, వీటికి లెక్కలెందుకండి? రేపు నేను రానండి. ఈ మనిషి మంచంలోనే పోతాడు, నేను ఆ పిల్లల ముక్కులు తుడుస్తూ పోతాను. ఆయ్, అంతేనండి!" అని తల బాదుకుని ఏడ్చింది.

అప్పుడు గోడవైపు నుంచి మాట వినిపించింది. "మూడు కుప్పలెయ్యవే."

ఇద్దరం ఉలిక్కిపడ్డాం.

"ఆ బియ్యమే ఒక్కచోటికి తోసి మూడు కుప్పలెయ్యి. పడవకోటి, వలకోటి, మనుషులకోటి. ఏశావా?"

ఏడుస్తూనే వేసింది.

"ఓ కుప్ప ఎంత?"

"మూడో వంతు..."

"ఇప్పుడు ఒక్కో కుప్పనీ రెండు చెయ్యి. ఎన్నయ్యాయి?"

"ఆరు."

"మూడో వంతుకి ఎన్నొచ్చాయి? సగానికి ఎన్నొచ్చాయి?"

"రెండు... మూడు..." ముక్కు చీది ఒక్కసారి నిటారుగా కూర్చుంది. "ఆరింట అయిదు! టీచరుగారండీ, మొత్తం మూడూ, ఆరింట అయిదు వంతులు!"

చినబాబు మాత్రం గోడనే చూస్తున్నాడు. కుప్పలు వేసేది ఒకప్పుడు అతనేనని నాకప్పుడు గుర్తొచ్చింది. అతను వేసిన కుప్పకి రేవులో ఎవరూ వంక పెట్టేవారు కాదట.

మర్నాడు పరీక్ష రాసి బయటికొచ్చిన తలుపులమ్మ మొహంలో నెత్తురుచుక్క లేదు. ఎలా రాశావంటే, "ఏమోనండి, పేపరంతా కుప్పలేసి వచ్చానండి" అంది. నేను మళ్ళీ నాలుగు తిట్టాను. ఫలితాలొచ్చేదాకా దానికి తిండి లేదు, నాకు నిద్ర లేదు.

ఫోన్లో నంబరు కొట్టి చూసి పరుగున వాళ్ళింటికెళ్ళాను. గుమ్మంలోంచే, "పాసయ్యావే, చచ్చీ చెడీ పాసయ్యావు!" అని కేకపెట్టాను. ఎగురుతుందనుకున్నాను. అది నావైపు చూడనైనా లేదు. వెళ్ళి మంచం పక్కన చతికిలబడింది.

"ఏవయ్యా, ఇటు తిరుగు. రేవోళ్ళు మానేశారు కదా నీ సగం వాటా. రేపట్నుంచి నేను పెడతాను."

చినబాబు భుజాలు కదిలాయి. ఏడుస్తున్నాడనుకున్నాను. ఇటు తిరగడానికి మంచం పట్టె పట్టుకుని తంటాలు పడుతున్నాడు.