పదిహేను అడుగుల దూరంలో పోశెట్టి

షార్జా అల్ నహ్దాలో మా భవనం పక్క ఖాళీ స్థలంలో పునాదులు తవ్వుతున్నారు. పొక్లెయిన్ గొలుసు చక్రాలు ఇసుకలో తిరిగినప్పుడల్లా ఒక కీచు శబ్దం, దాని అడుగున మూలుగులాంటి అదురు. నా టీ కప్పులో వలయాలు లేస్తాయి. "ముందు అరికాళ్లకు తెలుస్తుందమ్మాయ్, చెవికి తర్వాత" అని నాకు చెప్పిన మనిషి ఇప్పుడు లేరు. ఆయన పేరు వీరాస్వామి. ప్రకాశం జిల్లా వారు, సైన్యంలో హవల్దారుగా చేసి రిటైరయ్యారు. మీరెవరూ ఆయన్ని చూసి ఉండరు. చూసినా గుర్తుపెట్టుకునేవారు కాదు. లిఫ్టులో పక్కనే నిలబడినా లేనట్టుండేవారు.

మా పరిచయం తగాదాతో మొదలైంది. నా పరిచయాలన్నీ అలాగే మొదలవుతాయని మా ఆయన అంటాడు, అది వేరే సంగతి. 2020 వేసవి, కరోనా లాక్‌డౌన్. నేను ఆసుపత్రి నర్సుని. మా ఆయన, పిల్లలు గుంటూరులో చిక్కుకుపోయారు. వీధుల్లో పిల్లి కూడా లేదు. పన్నెండు గంటల డ్యూటీ చేసివచ్చి పగలు పడుకుంటే, గోడ అవతల నుంచి టక్ టక్ టక్. కాసేపు ఆగి మళ్లీ మూడు. మూడో రోజు వెళ్లి పక్క ఫ్లాటు తలుపు బాదాను.

"ఏమండీ పెద్దాయనా, గోడ మీ ఒక్కరిదేనా? మనుషులు పడుకోవద్దా?"

ఆయన మాస్కు సర్దుకున్నారు. "ముందు అటునుంచే కొట్టారమ్మా. నేను జవాబిచ్చాను, అంతే."

"అటున్నది నేనే. నేను కొట్టలేదు."

"మీరు డ్యూటీకి వెళ్లాక కూడా అటు ఎవరో కొడుతున్నారు మరి."

నా ఫ్లాటులో నేను తప్ప ఎవరూ లేరు. నీళ్ల పైపుల్లో గాలి చేరి ఉంటుందని గట్టిగా వాదించాను. ఆయన తలూపారు గానీ, అది ఒప్పుకున్న తలూపు కాదు. ఆ రోజు నేను పడుకోలేదు. పట్టపగలు ఇంట్లో లైట్లన్నీ వేసుకుని కూర్చున్నాను.

సాయంత్రాలు పొద్దు గుంకే వేళ ఆయన బాల్కనీలో గంటసేపు బొమ్మలా నిలబడేవారు. శత్రువు వచ్చేది వెలుగు మారే వేళల్లోనే కాబట్టి, కందకంలో పొద్దునా సాయంత్రం అందరూ అలా సిద్ధంగా నిలబడాలట. చివర్లో ఎనిమిది పేర్లు మెల్లగా పిలిచేవారు. ఒక్కో పేరుకీ ఒక క్షణం ఆగేవారు. "పోశెట్టి" దగ్గర మాత్రం తల పక్కకు వంచి, చాలాసేపు వినేవారు. పక్క బాల్కనీలో ఉన్న నాకు ఒంట్లో వణుకు పుట్టేది. వణుకు పుట్టినందుకు కోపమొచ్చేది.

"ఎవరు పలుకుతారని, బాబాయి గారూ?" అని ఒకసారి ఎగతాళి చేశాను.

"పలికాడమ్మాయ్. పలికినా నేను వెళ్లలేదు."

అప్పుడు చెప్పారు. డెబ్బై ఒకటి యుద్ధం, రాజస్థాన్ ఎడారి. ఒక ఇసుక దిబ్బను నిలబెట్టుకోమని ఆయన కింద ఎనిమిది మందిని ఉంచారు. వాళ్లకున్నది టాంకులను కొట్టే ఫిరంగి ఒక్కటే. శత్రువు టాంకులు లేపిన దుమ్ముకు పొద్దున పది గంటలకే సూర్యుడు కనబడకుండా పోయాడు. ఆ మసకలోంచి ఒక టాంకు వచ్చి, పోశెట్టి ఉన్న చివరి గుంట మీదకెక్కి, ఉన్నచోటే ఒకసారి గిర్రున తిరిగి, ముందుకెళ్లి ఆగింది. గుంట లేదు. చదునైన ఇసుక. వీరాస్వామి గారు అక్కడికి పదిహేను అడుగుల దూరంలో ఉన్నారు.

కుర్రాళ్లకు ఆయన ముందే నేర్పి పెట్టారు: ఇసుకలో కూరుకుపోతే అరవొద్దు, నోట్లోకి ఇసుక పోతుంది. అన్నం డబ్బా ముఖానికి అడ్డం పెట్టుకుని దాన్నే కొట్టండి, మేము వచ్చి తీస్తాం. పోశెట్టి చెప్పింది చెప్పినట్టు చేశాడు. ఇసుక కింద నుంచి మూడు దెబ్బలు, ఆగి మూడు. టాంకులకు ముందువైపు ఉక్కు మందం, గుండు జారిపోతుంది. అవి పక్కకు తిరిగేదాకా కదలకూడదు. కదిలితే ఫిరంగి ఎక్కడుందో తెలిసిపోతుంది, అందరూ పోతారు. తవ్వడానికి లేచిన వాళ్లను ఆయన అరచేత్తో సైగ చేసి ఆపారు. టాంకులు తిరిగాయి. రెండు తగలబడ్డాయి, మిగతావి వెనక్కి పోయాయి. దిబ్బ నిలిచింది. అప్పటికి ఇసుక కింది చప్పుడు ఆగిపోయింది.

పోశెట్టి భార్య అప్పుడు గర్భిణి. 'ఒక్క క్షణంలో పోయాడు, బాధ పడలేదు' అని ఆమెకు ఉత్తరం రాసింది వీరాస్వామి గారే. ఆ కడుపులోని బిడ్డ గంగారాం ఇప్పుడు దుబాయ్‌లోని జెబెల్ అలీలో వెల్డరు. హవల్దారు గారు షార్జా వచ్చింది పక్క ఫ్లాటులో ఉండే కూతురు సరళను చూడడానికని అందరూ అనుకున్నారు. నిజానికి ఆయన వచ్చింది గంగారాంకు జరిగింది చెప్పడానికి. విమానం దిగాక ధైర్యం చాలలేదు.

"చెప్పాల్సిందే" అని నేను పట్టుబట్టాను. "ఒక మనిషిని యాభై ఏళ్లు అబద్ధం మీద బతికిస్తారా? మీరు చెప్పకపోతే నేను చెబుతాను."

రాకపోకలు తెరిచాక ఒక శుక్రవారం మధ్యాహ్నం అల్ కుసైస్‌లో ఒక కెఫెటేరియాకు ఆయన్ని తీసుకెళ్లాను. గంగారాం తన కార్మికుల క్యాంపు నుంచి ఇద్దరు స్నేహితులను వెంటేసుకొచ్చాడు.

"ఇగో, మా నాయిన పక్కన లడాయి జేసిన సాబ్ ఈయనే. నేన్ జెప్తె నవ్విన్రు గద, ఇప్పుడు నవ్వుండ్రి!" అని కాళ్లకు మొక్కి, కథంతా తనే చెప్పాడు. "ఒక్కటే గుండు, ఖలాస్. నొప్పి సుత తెల్వలే. గంతే గద సాబ్?"

నేను బల్ల కింద ఆయన కాలు తన్నాను. ఆయన టీ గ్లాసులోకి చూస్తూ, "అంతే బిడ్డా" అన్నారు.

టాక్సీలో ఊరుకుంటానా! "పిరికితనం బాబాయి గారూ, దీనికి ఇంకో పేరు లేదు" అన్నాను.

"చెబితే నాకు తేలికవుతుంది అమ్మాయ్. ఆ బరువు ఎక్కడికి పోతుంది? వాడి గుండెల మీదికి. తండ్రి మీద పడిన ఇసుక చాలదా?"

"మాటలు బాగానే నేర్చారు" అన్నాను. రెండు వారాలు పలకరించలేదు. ఆ రెండు వారాలూ ఇప్పుడు నాకు కావాలి.

2021 మొదట్లో కరోనాతో ఆయన మా వార్డుకే వచ్చారు. ఒక మధ్యాహ్నం వేరే రోగికి శ్వాస యంత్రం మొరాయించింది. రెండో నర్సు ఇంకో యంత్రం కోసం పరుగెత్తింది. నేను ఆ రోగికి చేత్తో గాలి సంచి నొక్కుతూ ఉన్నాను. చెయ్యి తీస్తే అతను పోతాడు. నాలుగు మంచాల అవతల వీరాస్వామి గారి మానిటరు మోగడం మొదలైంది. కేకేశాను. ఎవరూ రాలేదు. ఆయన నావైపే చూస్తున్నారు. దుప్పటి మీద నుంచి చెయ్యి లేచింది. పిలుస్తున్నారనుకున్నాను. కాదు. అరచెయ్యి నాకు చూపించి, గాలిని మెల్లగా నేలకేసి నొక్కారు. ఉన్నచోటే ఉండు.

నేనున్నాను. ఆ రోగి బతికాడు. నేను వెళ్లేసరికి ఆయన లేరు. తర్వాత కాగితాలు చూస్తే, ఆయన గుండె ఆగిన నిమిషం నేను ఆ సైగ చూసిన నిమిషం కంటే ముందుంది. గోడ గడియారం చూశాను, నాకు తెలుసు. కంగారులో తప్పు చూసి ఉంటావని డాక్టరు అన్నాడు. జీవితంలో మొదటిసారి నేను వాదించలేదు.

నెల తిరక్కుండా గంగారాం పరామర్శకు వచ్చాడు. అతనికి అంతా చెప్పేశాను. ఇసుక, చప్పుడు, అరచెయ్యి, ఏదీ దాచలేదు.

"నాకెర్కె అక్కా. గా డబ్బ సామాన్లతోని మా ఇంటికచ్చింది. దానెన్క అంత సొట్టలే. అమ్మ అండ్ల ఎన్నడు గింజ వెయ్యలే. చెవికాడ వెట్టుకొని కూసునేది. ఏందే అంటె, మీ నాయిన ఏందో జెప్తుండు, ఆగు, అనేది."

"మరి ఆ రోజు అలా ఎందుకు చెప్పావు?"

"సాబ్ మొకం జూసిన. నువ్వు ఆయన కాలు తన్నుడు సుత జూసిన." కొంచెం నవ్వాడు. "ముసలాయన గంత దూరమెల్లి అచ్చిండు. ఇంక తవ్వుడెందుకని."

ఇంత వాదించి, ఇంత నిజం నిజమని అరిచి, నాకు మిగిలింది ఇది. ఆయన పోయిన రోజు సరళను లోపలికి రానివ్వలేదు. కింద పార్కింగులో నిలబడి ఫోను చేసింది: "అక్కా, నాన్న దగ్గర ఎవరైనా ఉన్నారా?" "నేనున్నాను. చెయ్యి పట్టుకునే ఉన్నాను" అన్నాను. నోరు తడబడలేదు. కంటోన్మెంటు బడుల్లో హిందీలో చదువుకున్న సరళకు తెలుగు చదవడం రాదు కాబట్టి ఇక్కడ రాయగలుగుతున్నాను. తను ఇప్పటికీ అడుగుతుంది, ప్రతిసారీ ఒక కొత్త ప్రశ్న. ఏ చెయ్యి అక్కా? కళ్లు తెరిచారా? మొన్న ఫోనులో, ఆ చెయ్యి చల్లగా ఉందా వెచ్చగా ఉందా అని అడిగింది.

వెచ్చగానే ఉందమ్మా, అన్నాను.