రాజీ కుదిర్చిన కుంకుడుకాయ

నూనెకీ నీళ్ళకీ నా చేతులతో నేనే పెళ్ళి చేశానంటే నమ్ముతారా? అదీ, విడాకులు ఇప్పించబోయి!

ఆవకాయకని మా పిన్ని గుడివాడ గానుగలో నువ్వుల పప్పునూనె తెమ్మంది. డబ్బా కడిగాను గానీ ఆరబెట్టలేదు. ప్రపంచాన్ని మార్చేవాడికి అంత తీరికెక్కడిది! బందరు దాకా బస్సు గోతుల్లో ఎగిరెగిరి పడింది. ఇంటికొచ్చి మూత తీస్తే నూనె లేదు, మజ్జిగ ఉంది.

"తడి తగిలితే ఆవకాయ బూజు పడుతుందిరా! ముక్కలు కొట్టేశాను, సాయంత్రానికి కలపకపోతే అన్నీ పాడు!" పిన్ని నెత్తి కొట్టుకుంది.

"కంగారు పడకు పిన్నీ! నూనె, నీళ్ళు శత్రు వర్గాలు. వాటి మధ్య రాజీ అసంభవం! పెట్టుబడిదారుల రసాయనాలు అక్కర్లేదు, ప్రజల విజ్ఞానంతోనే విడగొడతాను."

ఎమర్జెన్సీ ఎత్తేశారు కదా, నినాదాలకి అడ్డేముంది?

తలంటినప్పుడు జిడ్డు వదలగొట్టేది ఏది? కుంకుడుకాయ! జుట్టులోంచి నూనెని తరిమింది నీళ్ళలోంచి తరమదా? సగం నూనె బేసిన్‌లో వంచి, చిక్కటి కుంకుడు రసం పోసి, ఆవేశంగా గిలక్కొట్టాను.

విడిపోలేదు సరికదా, నురగలు కక్కుతూ పెరుగులా బిగుసుకుంది!

పక్కింటి మస్తాన్ మావయ్య కలంకారీ అద్దకం పనివాడు. గోడ మీంచి చూశాడు.

"ఏం అబ్బాయ్, సబ్బు చేస్తున్నావా?"

"కాదు మావయ్యా, నూనె విడగొడుతున్నా."

"కుంకుడు విడగొట్టదయ్యా, కలుపుతుంది! జిడ్డుని నీళ్ళలో కలిపేసి పట్టుకుపోతుంది, అందుకే తల శుభ్రపడేది. ఆ మిగిలిన సగం ముట్టుకోకు!"

గుడ్డలకి పట్టించే కరక్కాయ పొడి తెచ్చాడు. నీళ్ళని పట్టుకుని అడుక్కి దిగుతుందంటూ డబ్బాలో చిటికెడు కలిపి, ఎండలో పెట్టించాడు.

"ఇప్పుడు నేనేం చెయ్యాలి?"

"దూరంగా కూర్చో."

మూడింటికల్లా తెల్లటిదంతా పొడితో సహా అడుక్కి దిగింది. పైన బంగారం లాంటి నూనె! పిన్ని దాన్ని మెల్లగా వంచి, కాచి చల్లార్చి, చీకటి పడేలోగా ఆవకాయ కలిపేసింది. నూనె చాలక మిగిలిపోయిన ముక్కల్ని ఉప్పులో ఊరేసింది.

"మరి ఈ బేసిన్‌లోది ఏం చెయ్యను పిన్నీ?" అన్నాను.

"నీ బుర్రకి పట్టించుకో. జిడ్డంతా అక్కడే ఉంది."

రెండు వారాలుగా అదే పట్టించుకుంటున్నాను. జుట్టు నిగనిగలాడుతోంది. ఆవకాయ అమోఘం. ఒక్కటే ఇబ్బంది. మీటింగులో "రాజీ లేని పోరాటం!" అని అరిచినప్పుడల్లా నా తల గుప్పున కుంకుడు వాసన కొడుతోంది!