పేజీకి ఇరవై మంది రావులు

వెబ్‌సైట్లు కట్టే ఫ్రేమ్‌వర్క్ నేర్చుకున్న మూడో వారానికే నాకు కళ్ళు నెత్తికెక్కాయి. హిందీ మాట్లాడే ఊరు గమ్హరియాలో రెండు కంప్యూటర్లున్న ఓ చిన్న ఆఫీసులో పని. దగ్గర్లోని ఫ్యాక్టరీ ఒకటి కాంట్రాక్టు మనుషుల్లో కొందరిని పర్మినెంటు చేస్తూ, మెడికల్ పరీక్షకి పిలిచినవాళ్ళ జాబితాని వెబ్‌సైట్లో పెట్టమని మాకిచ్చింది. పేజీకి ఇరవై పేర్లు, కింద నొక్కడానికి ఒకటి, రెండు, మూడు అంటూ అంకెలు. ఒక్క లైను రాస్తే ఫ్రేమ్‌వర్కే పేజీలు విడగొట్టేసింది. దాన్నేదో నేనే కనిపెట్టినట్టు, "ఇక గేటు దగ్గర కాగితం అతికించక్కర్లేదు" అని ఫ్యాక్టరీవాళ్ళకి సలహా కూడా ఇచ్చాను. విన్నారు, పాపం.

ఆ కాంట్రాక్టు మనుషుల్లో మా నాన్న ఒకరు. పద్దెనిమిదేళ్ళుగా వెల్డింగు. జాబితాలో ఉన్నవాళ్ళు మర్నాడు పొద్దున్న ఎనిమిదింటికి మెడికల్‌కి వెళ్ళకపోతే పేరు కొట్టేస్తారు. జాబితా పెట్టిన రోజే, పొద్దుటి షిఫ్టు దిగి నాన్న సైకిలు మీద నేరుగా మా ఆఫీసుకొచ్చారు. పన్నెండు పేజీలూ తిప్పాను. ఆయన పేరు లేదు.

"లేదేట్రా?"

"కంప్యూటర్ గల్తీ నహీ కర్తా, నాన్నా, అది తప్పు చెయ్యదు," అన్నాను. అంత ధీమాగా నేనింకే తప్పూ చెప్పలేదు.

ఆయన కళ్ళజోడు పెట్టుకుని మళ్ళీ మొదటినుంచి తిప్పమన్నారు. తొమ్మిదో పేజీలో ఆపారు.

"ఈడు ఎనిమిదో పేజీలోనూ ఉన్నాడు గదేటి?"

"ఇద్దరై ఉంటారు. మనలో రావులకి కరువా?"

"టోకెన్ నంబరు కూడా ఒకటేరా."

రెండు పేజీలూ పక్కపక్కన పెట్టి చూశాను, నిజమే. ఈ ఊళ్ళో వలసొచ్చిన మా శ్రీకాకుళం వాళ్ళ ఇంటిపేర్లు రాయలేక గుమస్తాలు అందరినీ రావులు చేసేశారు. తెలివిగలవాణ్ణి కదా, నేను జాబితాని ఇంటిపేరు చోట ఉన్న ఆ రావు వరసలోనే పేర్చాను. పేజీ తెరిచిన ప్రతిసారీ డేటాబేస్ మళ్ళీ మొదటినుంచి పేరుస్తుంది. అందరూ రావులే అయినప్పుడు ఎవరు ముందో దాని ఇష్టం. ఒకాయన రెండు పేజీల్లో తేలితే ఇంకొకాయన ఎక్కడా ఉండడు.

"హాజరేసే టైమాఫీసోడు రావూ అంటే పదిమందిమి లేత్తాం. అందుకే నంబరెట్టి పిలుత్తాడు," అన్నారు నాన్న.

పేరు తర్వాత టోకెన్ నంబరు వరస కూడా చేర్చాను. ఏడో పేజీలో నాన్న దొరికారు. నాకు సంతోషంతో ఏడుపొచ్చింది. ఆయన మాత్రం నవ్వలేదు.

"మరి పొద్దున్నుంచీ సూసుకుని ఎల్లిపోనోల్లో?"

గేటు దగ్గర కాగితం కూడా లేదు. రావుల పేజీలు ప్రింటు తీసి, సిగ్గుతో చచ్చిపోతూ ఆయన సైకిలు వెనక కూర్చున్నాను. మావాళ్ళుండే బస్తీలో గుమ్మం గుమ్మానికీ ఆగి నాన్న ఒక్కో నంబరూ కేకేస్తే లోపలినుంచి మనిషి వచ్చేవాడు. ఒకాయన కాగితంలో తన నంబరు మీద వేలు పెట్టి చాలాసేపు తియ్యలేదు.

"నాను లేనని కంప్యూటర్ సెప్పింది గదా, బావా?"

నాన్న నన్ను ముందుకు తోశారు.

"కంప్యూటర్ కాదు బావా, సెప్పింది మా ఓడు."