నా బూరుగు పెడళ్ళు

ఆ రోజుల్లో ఆళ్లగడ్డలో ఆడపిల్ల సైకిలెక్కితే వీధి వీధంతా పని ఆపి చూసేది. చూసి ఊరుకుంటారా అంటే అదీ లేదు, పడుతుందేమోనని ఇంకాసేపు చూసేవాళ్ళు. నేను పడలేదు. (పడిన రెండుసార్లూ చూసేవాళ్ళెవరూ లేరు కాబట్టి అవి లెక్కలోకి రావు.) లెక్కల విషయంలో నేను మొదటినుంచీ గట్టిదాన్నే. ఇప్పుడు చెప్పబోయే సంగతి జరిగిన తేదీ, వారం కూడా నాకు గుర్తున్నాయి. ఇక్కడ రాస్తే మీరు కూర్చుని నా వయసు కడతారని రాయడం లేదు.

పోయిన వారం నంద్యాలలో ఒక సైకిళ్ళ షాపుకు పోయి, కొండదారుల్లో తొక్కడానికి తేలికైన బల్లపరుపు పెడళ్ళు చూపించమన్నాను. షాపాయన "మనవడికా అవ్వా?" అన్నాడు. నాకేనన్నాను. ఆయన నా మోకాళ్ళ వైపు ఒక చూపు చూశాడు. ఆ చూపు నాకు కొత్త కాదు. ఉద్యోగంలో చేరిన కొత్తలో అచ్చం అలాగే చూసిన మనిషి ఒకాయన ఉండేవాడు. ఆయన్ని మేం పెద్దసారు అనేవాళ్ళం.

అప్పుడు నాకు నల్లమల అంచున ఉన్న చెంచుల గూడెంలో బడి ఇచ్చారు. ఒకే గది, ఒకే టీచరు. ఆళ్లగడ్డ నుంచి తారురోడ్డు ఉన్నంతవరకూ బాగానే ఉండేది. అది అయిపోయాక ఒక వాగు, వాగు దాటితే గూడెం దాకా కొండమీదికి గులకరాళ్ళ ఎక్కుడు. నాకు ముందున్న అయ్యవారు జీతాల ముందు మాత్రమే పైకి వచ్చేవాడట. పిల్లలు ఆయన్ని ఎవరింటికో వచ్చిన చుట్టమనుకునేవాళ్ళు. చుట్టుపక్కల బడులన్నిటినీ చూసుకునే అధికారి పెద్దసారు. చెడ్డవాడు కాడు, ఇబ్బంది అక్కడే వచ్చింది. చెడ్డవాడైతే పోట్లాడి ఊరుకునేదాన్ని. ఈయన నా మంచి కోరేవాడు.

"చూడమ్మా, నీ అక్షరాలు ముత్యాల్లా ఉండాయి. నంద్యాల ఆఫీసులో ఫ్యాను కింద కూర్చుని రాసుకోపో. వానలు పడితే ఆ దారిలో మగోళ్ళే పోలేరు" అన్నాడు.

"మగోళ్ళు ఎండాకాలం గూడా పోలేదు కద సార్" అన్నాను.

ఆయన ముఖం కందగడ్డయింది. "సరే. వానల్లో ఒక రోజు నేనే వస్తా. చెప్పి రాను. ప్రార్థన గంటకు బడి తెరిచుంటే నీ ఇష్టం. లేకుంటే మర్నాడే నంద్యాల" అన్నాడు. నంద్యాల మీద నాకేం కోపం లేదు. కానీ నేను దిగిపోతే ఆ గదికి మళ్ళీ తాళం పడుతుంది. అప్పటికి నా పిల్లలు గుణింతాలు సగం దాటారు. సగంలో వదిలేసిన పని అంటే నాకు ఒళ్ళు మంట.

ఇక సైకిలు సంగతి. అది మా నాయనది. ఆయన చర్చిలో ఉపదేశి. ఊరూరా తిరిగి ప్రార్థనలు చేయించిన సైకిలు కాబట్టి దానికి భక్తి ఎక్కువ, వేగం తక్కువ. దాని పెడళ్ళు ఇనుప చట్రానికి రబ్బరు దిమ్మెలు తొడిగినవి. రబ్బరు అరిగి అరిగి సబ్బుబిళ్ళల్లా తయారైంది. ఎక్కుడు మధ్యలో కాలు జారిందంటే పెడల్ గిర్రున తిరిగొచ్చి మోకాలి కింద ఎముక మీద కొట్టేది. (ఆ దెబ్బకు నేను ఏమన్నానో ఉపదేశి కూతురిగా ఇక్కడ రాయలేను.) ఆ పెడళ్ళు ఊడదీసి ఉల్లిగడ్డల కొట్టుకు తీసుకుపోయి తూకం వేయించాను.

"ఏందక్కా, పాతినుము అమ్ముతాండావా?" అన్నాడు కొట్టతను.

"తూకం చెప్పు చాలు" అన్నాను. జత కిలోకు కొంచెం తక్కువ తూగింది. ఇంటికొచ్చి పలక మీద లెక్క వేశాను. బరువు సగానికి తగ్గించి, తొక్కు తొక్కుకూ మిగిలింది కూడుకుంటూ పోతే, ఎక్కుడు ముగిసేసరికి నా కాళ్ళకు బస్తాలకు బస్తాలు ఆదా! నాయన నా భుజం మీదుగా తొంగి చూశాడు.

"ఒక పెడల్ పైకి పోతాంటే ఇంకోటి కిందికి వస్తాది కదమ్మా. దానికీ దీనికీ సరిపాయె. ఇంగ నువ్వు మోసేదేముంది?"

"కిందికొచ్చేదాన్ని నేను లెక్కలో ఏసుకోలే నాయనా."

"ఎందుకేసుకోలే?"

"అది దానంతట అదే వస్తాది."

నాయన కళ్ళద్దాలు తుడుచుకుని బైబిలు తీసుకున్నాడు. ఆయన చెప్పిందే సరైన లెక్క అని తర్వాత చాలామంది నాకు వివరించారు. వాళ్ళలో ఒక్కరూ ఆ ఎక్కుడు ఎక్కినవాళ్ళు కారు.

తేలికైన చెక్క ఏదని అడిగితే వడ్రంగి బూరుగు చెక్క తీసి చూపించాడు. నిజంగానే గాలిని పట్టుకున్నట్టుంది. పిల్లలు కూర్చునే పీటల్లా చిన్నగా రెండు కోయించి, ఇనుప ఇరుసు దూరేలా బెజ్జాలు పెట్టించాను. కానీ చెక్క నున్నగా ఉంది. కాలు నిలవాలంటే గరుకు కావాలి. గరుకు అనగానే ఆళ్లగడ్డ మనిషికి గుర్తొచ్చేది ఉలే కదా! మా ఊళ్ళో పొద్దున లేస్తే రాళ్ళు చెక్కే చప్పుడే. విగ్రహాలు చెక్కేవాళ్ళ మధ్య ఒక ముసలాయన రోళ్ళకు కక్కు కొట్టేవాడు. రుబ్బి రుబ్బి నునుపెక్కిన రోట్లో ఉలితో చిన్న చిన్న గుంటలు కొట్టి మళ్ళీ గరుకు చేయడాన్ని కక్కు కొట్టడమంటారు. అందరూ ఆయన్ని కక్కు తాత అనేవాళ్ళు. నా చెక్కల్ని ఆయన అటూ ఇటూ తిప్పి చూశాడు.

"ఇదేందమ్మీ, బొమ్మల పీటలా?"

"పెడళ్ళు తాతా. కక్కు కొట్టాల."

"చెక్కకు కక్కా? నా ఉలి నవ్వతాది."

"నవ్వనీ. నా కాలు జారకుంటే చాలు."

"ఏం రుబ్బుతావు దీంతో?"

"ఆ కొండెక్కే దారిని రుబ్బుతా."

తాత చెక్కను కాళ్ళ మధ్య ఇరికించుకున్నాడు. నవ్వుతుందన్న ఉలితోనే, దేవుడి పీఠానికి కొట్టినంత శ్రద్ధగా, దారం పట్టినట్టు వరసలు వరసలుగా గుంటలు కొట్టిచ్చాడు. మర్నాడు ఎక్కుడు మీద నా కాలు జారితే ఒట్టు. ఎంత గట్టిగా పట్టిందంటే, గూడెంలో దిగితే నేను దిగాను గానీ చెప్పు దిగలేదు. పిల్లలు దాన్ని పీకి తెచ్చి ఇచ్చారు. నేను విజయోత్సాహంతో వానల కోసం ఎదురుచూశాను.

వాన వచ్చింది. రాత్రంతా కురిసి, పొద్దున కూడా వదల్లేదు. చీర దోపుకుని బయల్దేరాను. తారురోడ్డు అయిపోయేసరికి పెడళ్ళు బరువెక్కినట్టు అనిపించింది. వాగు దగ్గరికొస్తే అక్కడ ఇసుకలో చక్రాలు కూరుకుపోయిన జీపు, దాని పక్కన గొడుగు పట్టుకుని పెద్దసారు!

"ఎనక్కి పోమ్మా!" అని అరిచాడు. "నువ్వు బయల్దేరింది నేను చూసినా కదా, అది చాలు. వచ్చినట్టే రాసుకుంటా!"

మంచివాళ్ళతో ఇదే చిక్కు. "గంట పైన ఉంది సార్, ఈడ లేదు" అని, సైకిలు భుజాన వేసుకుని మోకాళ్ళ లోతు నీళ్ళు దాటాను. అవతల ఒడ్డున ఠీవిగా ఎక్కి ఒక్క తొక్కు తొక్కాను. పెడల్ తిరగలేదు. బూరుగు చెక్క రాత్రినుంచి పీల్చిన నీళ్ళకు ఉబ్బి ఇరుసును బిగపట్టేసింది. వెనక పెద్దసారు చూస్తున్నాడు. పళ్ళు బిగించి లేచి నిలబడి తొక్కాను. ఫట్‌మని, తాత కొట్టిన కక్కు వరస వెంబడే, రస్కు విరిగినట్టు చెక్క నిలువునా చీలింది. రెండోది కూడా దాని దారే పట్టింది. రెండు వైపులా వేలంత ఇరుసులు మాత్రం మిగిలాయి.

వెనక్కి తిరిగి చూడలేదు. చెప్పులు తీసి సంచిలో పడేసి, అరికాలి గుంటను ఇరుసుకు ఆనించి తొక్కాను. నొప్పి సంగతి అడగకండి. కోపం నొప్పిని మింగేసింది. పైకి చేరి రైలుపట్టా ముక్క మీద గంట కొట్టేసరికి పిల్లలు తలమీద గోనెసంచులు కప్పుకుని పరుగెత్తుకొచ్చారు. ప్రార్థన సరిగ్గా వేళకే మొదలైంది. గుణింతాలు సగంలో ఉండగా పెద్దసారు నడిచి వచ్చాడు, మోకాళ్ళ దాకా బురద. లోపలికి రాకుండా గోడకు ఆనించిన సైకిలు దగ్గర చాలాసేపు నిలబడ్డాడు.

"పెడళ్ళు యాడమ్మా?"

"బరువు తగ్గించినా సార్."

ఆయన నా కాళ్ళ వైపు చూశాడు, పిల్లల వైపు చూశాడు. చివరికి చాప మీద పిల్లల పక్కనే కూర్చుని మంచినీళ్ళు అడిగాడు. నంద్యాల మాట ఆ రోజు ఎత్తలేదు, ఆ తర్వాత కూడా ఎత్తలేదు. నేను ఆ బడిలోనే ఉన్నాను, పిల్లలు గుణింతాలు పూర్తిచేశారు. ఇప్పటికీ ఎవరైనా ఆ పెడళ్ళ గురించి వెక్కిరిస్తే నేను చెప్పేది ఒకటే. నా ఎంపికలో తప్పు లేదు, వానే ఎక్కువైంది.

నంద్యాల షాపాయన నా ముందు రెండు రకాలు పెట్టాడు. ఒకటి లోహం, ఒకటి నైలాన్. రెండిటిమీదా వరసగా చిన్న చిన్న ముళ్ళున్నాయి.

"ఇవెందుకప్పా?"

"కాలు జారకుండా అవ్వా, గ్రిప్పు." కక్కు తాత ఉలి ఎక్కడున్నా నవ్వే ఉంటుంది.

రెండూ తూకం వేయించాను. నైలాన్‌వి తేలిక. వాటినే చేతిలోకి తీసుకుని, "ఇది నీళ్ళు తాగుతాదా?" అని అడిగాను.

"పెడల్ నీళ్ళు తాగేదేంది అవ్వా?"

"కొన్ని తాగుతాయిలే. బిగించు" అన్నాను.

ఇప్పుడు పొద్దున్నే ఆ ఎక్కుడు మొదటి మలుపు దాకా పోతున్నాను. కాలు జారదు, పెడల్ బిగుసుకోదు, బరువు తెలియదు. అయినా ఆ మలుపు దగ్గర ఆగి ఊపిరి తీసుకోవలసి వస్తోంది. పైకి చూస్తే, దోపుకున్న తడిచీరతో, ఉత్త ఇరుసులు తొక్కుకుంటూ, వెనక్కి తిరిగి చూడకుండా ఒక పిల్ల పోతూ ఉంటుంది. ఇంత సరంజామా పెట్టుకుని కూడా నాకా పిల్ల ఇంకా అందలేదు.