పచ్చి దుంగ ఎక్కించిన మేస్త్రి

కర్ణాటకలో బాగేపల్లి పక్కనున్న గూళూరు హోబళి ఊళ్లలో ఎవరైనా నీలగిరి తోట కొట్టించాలనుకుంటే మొదట పిళ్ళప్ప ఖాళీగా ఉన్నాడా అని కనుక్కునేవారు. పాతికేళ్లు అలాగే సాగింది. సన్నటి మనిషి. దుంగలు మోసి మోసి ఎడమ భుజం కిందికి దిగిపోయింది; చొక్కా ఎప్పుడూ ఆ వైపుకు జారుతుండేది. చెట్టు దగ్గరికి వచ్చీ రాగానే గొడ్డలి ఎత్తేవాడు కాదు. మొదలుకు వీపు ఆనించి, తల వెనక్కి వాల్చి, చిటారుకొమ్మ దాకా చూసేవాడు.

“దూరాన నిలబడి చూస్తే అన్నీ నిటారుగానే కనపడతాయి సామీ. ఆనుకుంటేనే తెలుస్తాది, బరువు యా పక్కకుండాదో,” అన్నాడు ఒకసారి నాతో.

పడాల్సిన వైపు గొడ్డలితో నోరులాంటి గాటు కొట్టి, వెనుక నుంచి రంపం పెట్టేవారు. అది ఇద్దరు పట్టే పెద్ద రంపం. అవతలి పిడి ఎప్పుడూ కొండప్పదే. ఆ రంపంతో పనిచేసేవాళ్లు లాగాలే తప్ప తోయకూడదు. ఒకడు లాగేటప్పుడు రెండోవాడు చెయ్యి వదులు చేయాలి. తోస్తే పలక వంగి చెట్టులో బిగుసుకుపోతుంది. ఇరవై రెండేళ్లు ఆ ఇద్దరూ ఒకే రంపానికి చెరో వైపు కూర్చున్నారు. మిషన్ రంపం వచ్చాక దాన్ని పిళ్ళప్ప పట్టాడు, మోకు కొండప్ప పట్టాడు. “పెండ్లాంతో గూడా ఇంత సర్దుకోలేదప్పా నేను, ఈయప్పతోనే సర్దుకుంటి,” అని కొండప్ప అంటే, దుంగల మీద బెరడు వలుస్తున్న అతని భార్య పుట్టమ్మ తల ఎత్తకుండానే, “అయితే రేపట్నుంచి సంగటి గూడా ఆయప్పతోనే కెలికించుకో,” అనేది.

పిళ్ళప్పకు ఒక కట్టుబాటు ఉండేది. నీలగిరి బెరడు చెట్టు పడిన గంటలోనే వలవాలి, అప్పుడైతేనే చీర జారినట్టు వస్తుంది. కానీ వలిచిన దుంగ సబ్బు రాసినట్టు ఉంటుంది. అందుకని వలిచినదాన్ని మూడు రోజులు ఎండకు పడేస్తేనే లారీకి ఎక్కించేవాడు. లారీకి ఆనించిన రెండు వాలు మొద్దుల మీదుగా, మోకు చుట్టేసి, పైన నలుగురు లాగుతుంటే, కింద ఇద్దరు గడపారలతో ఎగదోస్తూ దొర్లించి ఎక్కించాలి. మోకు పట్టు దొరకాలంటే కట్టె ఎండి ఉండాలి. ఎవరు తొందరపెట్టినా పిళ్ళప్ప బీడీ ముట్టించుకుని కూర్చునేవాడు. నాలుగో రోజు పొద్దున చేత్తో రాసి చూసి, “ఊ” అనేవాడు. ఆ ఊ లేనిదే ఎవరూ మోకు ముట్టేవారు కాదు. కూలీల పేర్లు రాసుకునే పుస్తకం కూడా ఆ పనిలో ఎన్నడూ లేదు. ఎవరు వచ్చారు, ఎవరు రాలేదు అన్నది జట్టు మేస్త్రి పిళ్ళప్ప నోటిమాటే.

తర్వాత నీలగిరికి చెడ్డకాలం వచ్చింది. భూమిలో నీళ్లన్నీ అదే తాగేస్తోందని, ఇక కొత్తగా నాటకూడదని సర్కారు చెప్పింది. కొట్టిన మొదళ్లు మళ్లీ చిగురించకుండా రైతులు జేసీబీలు తెప్పించి వేళ్లతో పెకలించసాగారు. ఇంతకుముందు ఒక తోట కొడితే ఏడేళ్లకు మళ్లీ అదే తోటకు రావచ్చు. ఇప్పుడు ప్రతి తోటా ఆఖరిసారే. కంట్రాక్టర్లు ఒక్కొక్కరే వేరే వ్యాపారాలకు మళ్లగా, బాగేపల్లి వైపు మిగిలింది మునినారాయణ ఒక్కడే. పిళ్ళప్ప జట్టు తిండి అతని చేతిలో పడింది.

పోయిన సంవత్సరం మార్చిలో మునినారాయణ కొన్న తోట నాది. మా నాన్న అర్చకత్వం చేసుకుంటూ నాటించిన నాలుగెకరాలు. మూడోసారి కొట్టకుండా వదిలేయడంతో మాన్లు ఒక మనిషి కౌగిట్లో పట్టనంత లావయ్యాయి. చెట్లు కొట్టడం రెండు రోజుల్లో అయింది. మూడో రోజు పొద్దున్నే లారీ వచ్చి నిలబడింది. దాంతో పాటు ఎక్కడివాళ్లో నలుగురు లోడర్లు.

“నిన్న వలిచిండేది ఇది. సోమారం దాకా ముట్టుకునేది లే,” అన్నాడు పిళ్ళప్ప.

మునినారాయణ నవ్వాడు. “సోమారానికి నీ దుంగ ఎండి పుల్లయితాది. మిల్లులో తూకం నువ్వొచ్చి నిలబడతావా? బరువు పోతే ఎవురికి పోయె?”

“జారతాదప్పా.”

“మెల్లిగా ఎక్కించు. ఇన్నేండ్ల మేస్త్రివి, నీకు నేను చెప్పాల్నా? సాదలి దగ్గర ఇంకో తోట మాట్లాడి పెట్టిండాను. ఆడికి యా జట్టును పంపాల్నో ఈ పొద్దే చెప్పాల.”

పిళ్ళప్ప దుంగను చేత్తో రాయలేదు. రాస్తే ఏమి తెలుస్తుందో అతనికి తెలుసు. కొండప్ప వైపు చూశాడు. కొండప్ప తలగుడ్డ విప్పి అరచేతులు తుడుచుకుని గడపార అందుకున్నాడు.

“ఊ” అన్నాడు పిళ్ళప్ప.

నేను అక్కడే ఉన్నాను. ఆ మాట విన్నాను. ఎండ ముదిరిందని పదకొండు గంటలకు ఇంటికి వెళ్లిపోయాను. ఐదో దుంగ సగం పైకి వెళ్లాక మోకులోంచి జారిందట. వాలు మొద్దుల మీద నుంచి నేరుగా వచ్చి కింద ఉన్న కొండప్ప రొమ్ము మీద పడింది. ఆస్పత్రి దాకా కూడా లేదు.

పోలీసులు వచ్చేలోపల మునినారాయణ పిళ్ళప్పను లారీ చాటుకు తీసుకుపోయాడు. ఆ మాటలు తర్వాత పిళ్ళప్పే నాకు చెప్పాడు.

“ఎక్కించమని చెప్పింది ఎవురు? నువ్వు. కేసంటూ అయితే మేస్త్రి మీదే అయితాది. కొండప్ప ఈ పొద్దు పనికి రాలేదు. కట్టెలకని చెక్కు ఏరుకోను వచ్చినాడు, లారీ పక్కకు పోయినాడు, దుంగ జారి మీద పడె. అంతే. పుట్టమ్మను నేను చూసుకుంటాలే.”

తోట కొట్టేటప్పుడు వలిచిన బెరడును చెక్కు అంటారు; దాన్నీ సన్న కొమ్మలనూ పొయ్యికి ఎవరైనా ఏరుకోవచ్చు. అడిగేవారూ లేరు, కాదనేవారూ లేరు. ఈ సీమలో అది అందరికీ తెలిసిన వాడుక. కాబట్టి ఆ అబద్ధం అబద్ధంలా వినపడలేదు. పోలీసులు ఆ మాటే రాసుకున్న మహజరు కాగితం కింద పిళ్ళప్ప వేలిముద్ర పెట్టాడు. ఇరవై రెండేళ్లు రంపం అవతలి పిడి పట్టినవాడు ఒక్క వాక్యంలో పుల్లలేరుకునేవాడయ్యాడు. లోడర్లు అదే మాట చెప్పి లారీ ఎక్కి వెళ్లిపోయారు. పుట్టమ్మ అరిచిన మాటలు ఏడుపు కింద జమ అయ్యాయి. నన్నెవరూ అడగలేదు. నేనూ వెళ్లి చెప్పలేదు.

చావు ఖర్చు మునినారాయణ పెట్టుకున్నాడు. పదకొండో రోజు ఒక బియ్యం మూట పంపాడు. ఆ తర్వాత పుట్టమ్మ ఫోను చేస్తే అతను ఎత్తలేదు. పరిహారం కోసం ఆమె ఎక్కడికి వెళ్లినా, కొండప్ప అక్కడ కూలీయే కాదని కాగితం చూపించారు. సాదలి తోట పిళ్ళప్ప జట్టుకే వచ్చింది. ఆ జట్టులో పుట్టమ్మ కూడా వెళ్లి బెరడు వలిచింది. వేరే పని ఎక్కడుంది? పిళ్ళప్పతో మాట్లాడేది కాదు. అతను నీళ్ల బిందె దగ్గరికి వస్తే ఆమె లేచి పోయేది.

ఏడు నెలలు గడిచాక ఒక ఉదయం ఆమె పిళ్ళప్ప ఇంటి ముందుకు వచ్చి నిలబడింది. అతని భార్య తిమ్మక్క మజ్జిగ చిలుకుతోంది.

“పిళ్ళప్పన్నా, ఒక మాట అడగను వచ్చినా. నా మొగుడు చెక్కేరుకోను వచ్చినాడా?”

పిళ్ళప్ప లేచి చాప దులిపి పరిచాడు.

“కాదు, చెప్పన్నా. నేను కదా వలస్తాంటి. మా ఇంటికి చెక్కు గావాలంటే నేను తీసకపోనా? నా మొగుడు ఎందుకొస్తాడు ఏరను?”

తిమ్మక్క కవ్వం వదిలింది. “నోట్లో ఏమి పెట్టుకోనుండావు? అడుగుతాంటే పలకవే! ఆ పొద్దు పోలీసోళ్ల ముందర బాగానే పలికితివి గదా.”

ఆ మధ్యాహ్నమే ఆ ఇద్దరూ మా ఇంటికి వచ్చారు. పిళ్ళప్ప అరుగు కింద నిలబడ్డాడు, పుట్టమ్మ ఇంకా దూరంగా. “అర్జీ రాసియ్యల్ల సామీ. జరిగింది జరిగినట్ల. నేను చెప్పింది తప్పని గూడా రాయండి,” అన్నాడు. కన్నడంలో రాశాను. దుంగ పచ్చిదని, ఎక్కించమన్నది ఎవరని, ఒప్పుకున్నది ఎవరని. నా పేరు కూడా చేర్చాను. ఆ పొద్దున కొండప్ప గడపార అందుకోవడం నా కళ్లతో చూశానని రాశాను. అక్షరాలు కుదురుగానే వచ్చాయి. ఏడు నెలల ముందు రాసి ఉండవలసినవి.

చిక్కబళ్ళాపురం లేబర్ ఆఫీసులో అందరూ సాహేబు అనే అధికారి అర్జీ రెండుసార్లు చదివాడు. చెడ్డవాడేమీ కాదు. ముగ్గురికీ కుర్చీలు వేయించాడు, పిళ్ళప్ప కూర్చోలేదు.

“ఏనప్పా, పోలీసుల దగ్గర నువ్వు చెప్పి రాయించిన హేళికె ఉండాది. వేలిముద్ర ఉండాది. అప్పుడు చెప్పింది సుళ్ళా, ఇప్పుడు చెప్పేది సుళ్ళా?”

“అప్పుడు చెప్పిందే సుళ్ళు సార్, అబద్దం.”

“అట్లని రాసుకుంటే ముందర నీ మీదనే కేసయితాది.”

“కానీండి సార్. రాసుకోండి.”

సాహేబు పెన్ను మూత పెట్టాడు. “నీ మీద కేసయితే ఈయమ్మకేమి వస్తాది చెప్పు? వాళ్ల లాయరు ఒకటే అడుగుతాడు: ఒకసారి సుళ్ళు చెప్పినోడి మాట ఎట్ల నమ్మేది? హాజరు పుస్తకం ఉందా? కూలి ఇచ్చిన చీటీ ఉందా? ఏమన్నా ఒకటి కాగితం తెండి.”

“మా పనిలో పుస్తకం ఉండదు సార్. నేను చెప్పేదే.”

“అదే కదప్పా నేనూ చెప్పేది. నువ్వు చెప్పేసిండావు.”

నావైపు తిరిగాడు. “మీరు చదువుకున్నవారు. చేను మీది. ఆ దినమే ఎందుకు చెప్పలేదు?” నేను అర్జీని మళ్లీ ఆయన ముందుకు జరిపాను. అర్జీ మీద ముద్ర వేయించి, పై ఆఫీసుకు పంపిస్తానని, పిలుపు వస్తే రమ్మని చెప్పాడు. రాదని ఆ గదిలో ఉన్న నలుగురికీ తెలుసు.

బయట జనం మధ్య పిళ్ళప్ప పుట్టమ్మ దగ్గరికి వెళ్లి, “తప్పయిపాయమ్మా,” అన్నాడు. ఆమె కొంగు సర్దుకుంది.

“నువ్వు తప్పు చెప్పిన దినం అందురూ నమ్మిరి,” అంది. “ఈ పొద్దు నిజమే చెప్పితివి. నేను నమ్మినా. నేనొక్కదాన్నే. ఏం జేసుకుందును?”

బాగేపల్లి బస్సు ఎక్కాం. ఆమె ముందు ఆడవాళ్ల సీట్లలో కూర్చుంది, మేమిద్దరం వెనుక. కండక్టరు రాగానే పిళ్ళప్ప చొక్కా జేబులోంచి నలిగిన నోట్లు తీసి, ముందు సీటు వైపు చూపించాడు.

“ఆ నీలం చీరామెది గూడా నేనే తీసుకుంటా.”

“సర్కారు బస్సులో ఆడోళ్లకు టికెట్టు దుడ్డు లేదు కదప్పా,” అన్నాడు కండక్టరు. “యా లోకంలో ఉండావు? ఆమె ఆధారు చూపించేసె. నీది మాత్రం చెప్పు.”

పిళ్ళప్ప ఒక టికెట్టు తీసుకున్నాడు. మిగిలిన నోట్లు ఊరు వచ్చేదాకా చేతిలోనే పట్టుకుని కూర్చున్నాడు.