సత్యవేదం గారిని దింపే బటన్

కెనడాలోని విండ్సర్‌లో తెలుగు పిల్లల్లో సగం మందికి స్టీరింగ్ పట్టుకోవడం నేర్పింది సత్యవేదం గారే. ఆ సంగతి ఎవరూ అడక్కపోయినా ఆయనే చెబుతారు. చెప్పని సంగతల్లా ఒక్కటే, ఆయన భార్య బాలకుమారికి డ్రైవింగ్ రాదు. కారు లేనిదే పాలు కూడా తెచ్చుకోలేని ఊరది. వృద్ధుల హోమ్‌లో డ్యూటీకైనా, ఆదివారం చర్చికైనా ఆవిడ కోటు వేసుకుని, గుమ్మంలో నిలబడి, "ఏమండీ, వస్తున్నారా?" అని పిలవాల్సిందే.

నేర్పలేదా అంటే నేర్పారు. పరాయి పిల్లలతో "మెల్లగా బాబూ, కంగారేం లేదు" అనే మనిషికి, స్టీరింగ్ దగ్గర భార్య కనబడేసరికి పూనకం వచ్చేది. "మిర్రర్! మిర్రర్ చూడవేం? బ్లైండ్ స్పాట్ ఎవరు చూస్తారు, నర్సాపురం నుంచి మీ నాన్నొస్తాడా?" మొదటి రోడ్ టెస్టుకి వెళ్తుంటే దారి పొడుగునా ఇదే వరస. సెంటర్ చేరేసరికి ఆవిడకి ఏది బ్రేకో, ఏది గ్యాసో తెలియకుండా పోయింది. ఎగ్జామినర్ బెల్టు పెట్టుకునేలోపే కారుని మంచుగుట్ట ఎక్కించేసింది.

ఆ తర్వాత ఆవిడ మళ్ళీ స్టీరింగ్ ముట్టలేదు. చేతిలో ఉన్నది జీ వన్, అంటే లైసెన్స్ ఉన్న మనిషి పక్కన కూర్చుంటేనే నడపాలి. అది కూడా ఈ అక్టోబరుతో ఎక్స్‌పైర్ అవుతుంది. ఆ లోపు టెస్ట్ పాసవకపోతే మళ్ళీ అఆల నుంచి మొదలు. ఒక్కసారి, ఎవరికీ చెప్పకుండా తాళం తీసుకుని తనంతట తాను బయటికి వెళ్ళిపోవాలని బాలకుమారికి ఎంత ఉండేదో ఆ దేవుడికే తెలుసు.

ఇక కోల్డ్ గరాజ్ గేమ్స్ అనే స్టూడియో కథ. అది పుట్టింది ఈ ఇంటి గరాజ్‌లోనే. కొడుకు ఆరన్ యూనివర్సిటీ అవగొట్టి, ఉద్యోగానికి అప్లై చెయ్యమంటే వీడియో గేమ్‌లు చేస్తానన్నాడు. కరీంనగర్ నుంచి చదువుకోడానికొచ్చి, పిజ్జా షాపులో పార్ట్ టైమ్ చేసే నిఖిల తోడైంది. రెండు బల్లలు, ఒక హీటర్ లోపలికొచ్చాయి, సత్యవేదం గారి కారు మంచులోకి పోయింది. పొద్దున్నే అద్దం మీద ఐసు గీకుతూ ఆయన స్టూడియోని తిట్టని రోజు లేదు.

ప్రార్థన లేకుండా ఏ పనీ మొదలుపెట్టకూడదని బాలకుమారి పాస్టర్ గారిని పిలిచింది. తీరా చూస్తే మొదటి గేమ్ నిండా దయ్యాలే. పాస్టర్ గారు వచ్చేలోపు పిల్లలిద్దరూ ఆదరాబాదరాగా దయ్యాల్ని తీసేసి దోమల్ని పెట్టారు. ఆయన మానిటర్ మీద చెయ్యి పెట్టి మరీ దీవించారు. దోమల గేమ్ ఎవరూ కొనలేదు. రెండోది గడ్డకట్టిన చెరువు మీద ఐసుకి చిల్లు పెట్టి చేప పడేదాకా కూర్చునే గేమ్. అదీ ఎవరూ కొనలేదు, పాస్టర్ గారు మాత్రం ఇప్పటికీ ఆడుతుంటారు.

మూడోది డ్రైవింగ్ నేర్చుకునే గేమ్. పక్క సీట్లో పాఠం చెప్పేవాడికి సత్యవేదం గారి గొంతు కావాలన్నారు. గొంతొక్కటే చాలన్నా ఆయన టై కట్టుకుని వచ్చారు. మైకు ముందు "మెల్లగా బాబూ" అంటుంటే ఆరన్‌కి ఆవలింతలొచ్చాయి.

"అట్ల కాదంకుల్," అంది నిఖిల. "ఆంటీకి ఎట్ల చెప్తరో, అట్ల చెప్పండి."

దానికి రాసిచ్చిన డైలాగులేవీ అవసరం పడలేదు.

డ్రైవింగ్ రానివాళ్ళ చేత ఆడించి చూడాలనుకున్నారు. ఇంట్లోనే ఉందిగా ఒకావిడ. బాలకుమారి డ్యూటీ నుంచి వచ్చి, కోటైనా విప్పకుండా స్క్రీన్ ముందు కూర్చుంది. కారు కదిలిందో లేదో, "మిర్రర్!" అంటూ మొగుడి గొంతు. పోస్ట్ బాక్సుని గుద్దింది. మళ్ళీ మొదలుపెట్టి ఈసారి బస్సుని గుద్దింది. కొడుకు వైపు తిరిగింది.

"ఆరన్, మీ నాన్నని దింపడానికి ఏది నొక్కాలి?"

"మామ్, దేర్ ఈజ్ నో సచ్ బటన్."

నిఖిల మాత్రం నవ్వీ నవ్వీ కళ్ళు తుడుచుకుంది. "పెడదాం ఆంటీ!"

పెట్టింది. నొక్కితే కారు పక్కకి ఆగుతుంది, తలుపు తెరుచుకుంటుంది, టై కట్టుకున్న పెద్దమనిషి దిగి రోడ్డు వారన నిలబడి, "జాగ్రత్త!" అని అరుస్తూ చిన్నదైపోతాడు. ఇక వెనక్కి రాడు. బాలకుమారి రోజూ డ్యూటీ అయ్యాక ఆయన్ని దింపేసి, హాయిగా ఊరంతా తిరిగొచ్చేది. ఆ నిశ్శబ్దంలో పోస్ట్ బాక్సుల్నీ, బస్సుల్నీ గుద్దడం మానేసింది.

గేమ్ బయటికొచ్చాక ఏయే దేశాలవాళ్ళో కూడా సత్యవేదం గారిని దింపి, ఆ వీడియోలు పెట్టుకున్నారు. స్టూడియో డౌన్‌టౌన్‌లో ఆఫీసు తీసుకుంది, కారు గరాజ్‌లోకొచ్చింది. ఆయన తన పాఠాలు ప్రపంచమంతా వింటోందని మురిసిపోయారు. ఒకరోజు స్టూడెంట్ ఒకడు, "అంకుల్, నిన్న మిమ్మల్ని వానలో దింపేశా!" అని సంబరంగా చెప్పేదాకా.

ఆయన ఇంటికొచ్చి తలుపేసుకుని గేమ్ ఆడారు. బాలకుమారి తలుపుకి చెవి ఆనించి బయట నిలబడింది. లోపల "మిర్రర్! బ్లైండ్ స్పాట్!" అని కేకలు. అంతలో బ్రేకు చప్పుడు, తలుపు తెరుచుకున్న చప్పుడు. తనని తానే దింపేసుకున్నారు పాపం.

ఆయన బయటికొచ్చి కారు తాళం ఆవిడ చేతిలో పెట్టారు. "నేనింత వాగుతానా, కుమారీ?"

"ఇందులో కొంచెం తగ్గించి పెట్టారండీ," అంది ఆవిడ.

మర్నాటి నుంచి ఆయన నోట్లో లవంగం పెట్టుకుని పక్కన కూర్చున్నారు. లవంగం ఉన్నంతసేపు మాట రాదు. అమెరికా బ్రిడ్జికెళ్ళే లారీల మధ్య, హ్యూరాన్ చర్చ్ రోడ్డు మీద కూడా ఆయన చేతులు ఒళ్ళోంచి లేవలేదు. అక్టోబరు అయిపోవడానికి ఇంకా కొద్ది రోజులుందనగా బాలకుమారి టెస్ట్ పాసైంది. పార్కింగ్ లాట్‌లో ఆయన ఏడ్చారు. ఆవిడా ఏడ్చింది.

ఇంటికొస్తుంటే ఆ ఆనందంలో లవంగం మింగేశారు కాబోలు.

"మిర్రర్—"

బాలకుమారి ఇండికేటర్ వేసి, భుజం మీదుగా చూసి, కారు పక్కకి ఆపింది.

"దిగండి."

ఆయన దిగారు. ఆవిడ ఒక్కతే బయల్దేరింది. పక్క సీటు ఖాళీ, చెవుల్లో ఇంజను చప్పుడు తప్ప ఏమీ లేదు. ఎటు కావాలంటే అటు తిప్పొచ్చు. సంతోషం పట్టలేక బిగ్గరగా ఒక కీర్తన ఎత్తుకుంది. ఒక చుట్టు తిరిగొచ్చేసరికి ఆయన అక్కడే, రోడ్డు వారన, చలికి చేతులు చంకల్లో పెట్టుకుని తన కారు కోసమే చూస్తున్నారు. ఆ మనిషిని చూస్తే ఆవిడకి ప్రాణం ఉసూరుమంది. తలుపు తీసింది. ఆవిడ చెప్పకుండానే ఆయన వెనక సీట్లో కూర్చున్నారు.

ఆ సాయంత్రం బాలకుమారి తనే నడుపుకుంటూ స్టూడియోకెళ్ళింది.

"నిఖిలా, దింపినాయన్ని మళ్ళీ ఎక్కించుకునే బటన్ కూడా పెట్టమ్మా."

"ఎవరు నొక్కుతరాంటీ?"

"నేను నొక్కుతాలే," అంది బాలకుమారి. "ఒక చుట్టు తిరిగొచ్చాక."