గీతకు దూరంగా పడ్డ చుక్క

కలకత్తా గార్డెన్ రీచ్ పోర్టు క్వార్టర్స్‌లో దయమ్మ నోటికి జడవనివాళ్లు లేరు. మొగుడు ఎలీయాజరు క్రేను ఎక్కాకే కాస్త ఊపిరి పీలుస్తాడని ఇరుగుపొరుగు నవ్వుకునేవారు. పుట్టినప్పటి నుంచి పీలగా ఉన్న నాలుగేళ్ల కొడుకు యేసురత్నం ఆ నెలలో ఒళ్లు చేసేసరికి ఆవిడ కాళ్లు నేలమీద ఆనలేదు. ప్రార్థన ఫలించిందని చర్చిలో అందరి ముందూ సాక్ష్యం కూడా చెప్పింది.

అది 1963. పిల్లల ఎదుగుదల కొలవడానికి గణాంకాల ఆఫీసు నుంచి రఘురాం అనే కుర్రాడు వచ్చాడు. డిస్పెన్సరీలో ఆయాగా పనిచేసే దయమ్మ, పిల్లల్ని కదలకుండా పట్టుకుంటే, అతను బరువు తూచి, జబ్బ వెనక చర్మం మడతపెట్టి కొవ్వు మందం కొలిచేవాడు. బరువుతోపాటు కొవ్వు ఎంత పెరుగుతుందో చెప్పే గీత ఒకటి గీయాలి. ఒక్కో బిడ్డా కాగితం మీద ఒక్కో చుక్క. చుక్కలన్నీ గీత పక్కనే ఒదిగాయి, యేసురత్నం చుక్క తప్ప.

“బరువు ఎక్కువుంది, మడతేమో పల్చగా ఉంది. మళ్లీ కొలుద్దామండీ,” అన్నాడు రఘురాం.

దయమ్మకు ఒళ్లు మండింది. “ఏటి బాబూ, మా గుంటడు ఒళ్లు సేస్తే నీ గీతకి నొప్పా? దేవుడిచ్చిన కండది. మాటిమాటికీ కొలిస్తే దిష్టి తగుల్తాది.”

దిష్టిని నమ్మకూడదన్న పాస్టరు మాట ఆవిడకా క్షణాన గుర్తు రాలేదు.

“కొవ్వు కాకపోతే ఆ బరువు ఒంట్లో చేరిన నీరేమోనని నా భయం. డాక్టరుగారికి చూపించండి.”

సాయంత్రం స్నానం చేయిస్తూ దయమ్మ కొడుకు కాలి ఎముక మీద బొటనవేలితో నొక్కింది. తడిపిన పిండిలో పడ్డట్టు గుంట పడింది, పూడలేదు. రెండో కాలూ అంతే. ఆసుపత్రికి పరిగెడితే చెప్పిన సాక్ష్యం ఏం కావాలి? పక్కింటి రోజమ్మ ఎంత నవ్వుతుంది? సిగ్గు చెయ్యి పట్టుకు వెనక్కి లాగింది. అంతలో, పొద్దున్నే ఉబ్బే కళ్లను చూసి బాగా నిద్రపోయాడని మురిసిన సంగతి తట్టి, తనమీద తనకే అసహ్యం పుట్టింది.

“రేపు సూద్దారి,” అన్నాడు ఎలీయాజరు.

“రేపటిదాకా ఆగమని రోగానికి నువ్వు సెప్తావా?” అంటూ బిడ్డను చంకనేసుకుని బస్సు కోసం పరిగెత్తింది.

ఆసుపత్రిలో మూత్రపిండాల జబ్బన్నారు. ఇంకొన్నాళ్లు ఆలస్యమైతే బతుకుతాడని చెప్పలేకపోయేవాళ్లమన్నారు. ఉప్పులేని కూడు, మందులు, మంచం పక్కన నేలమీద పడక. ఒంట్లో నీరు దిగి రోజురోజుకీ బిడ్డ బరువు తగ్గుతుంటే, తల్లి మనసు తేలికపడింది.

ఇంటికొచ్చిన రోజు కుళాయి దగ్గర రోజమ్మ బుగ్గలు నొక్కుకుంది. “అయ్యో, పుల్లలా అయిపోనాడేటి వదినా? దేవుడిచ్చిన కండంతా ఏటైపోనాది?”

“కండ కాదు వదినా, నీరు. పోనాది.”

దయమ్మ కొడుకు చొక్కా ఎత్తి, బయటపడ్డ పక్కటెముకలు అందరికీ చూపించింది. వాళ్లు జాలిపడుతున్నారు. ఆవిడకు మాత్రం గర్వంతో కళ్లనీళ్లు ఆగలేదు.